హ్యామ్ రేడియో ప్రశ్నలు: క్లబ్బుకి హెచ్‌ఎఫ్ సెట్టు వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి హ్యామ్ రేడియో మీద, అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా నడుపుకునే రేడియో మీద ఉత్తరాలు గట్టిగా వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి: క్లబ్బులో కంపెనీ తయారుచేసిన హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్, అంటే షార్ట్‌వేవ్) సెట్టు ఉంది, దాన్ని సరిగ్గా వాడటం ఎలా అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మా ఇంజనీరింగ్ కాలేజీ క్లబ్బుకి వంద వాట్ల హెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్ (ప్రసారం, వినడం రెండూ చేసే సెట్టు) కొన్నారు. దాన్ని నడిపిన సీనియర్లు చదువైపోయి వెళ్ళిపోయారు. మాలో ఇద్దరికి లైసెన్స్ ఉంది కానీ ఆ బటన్లు, మెనూలు చూస్తేనే టెన్షన్. కాలిపోతే ప్రిన్సిపాల్‌కి ఏం చెప్పాలని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఏం చేయమంటారు?
— బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ముందు ఆ భయం తీసేద్దాం. ఐకామ్ కానీ, యాయెసు కానీ, కెన్‌వుడ్ కానీ, ఈ రోజుల్లో వచ్చే ఫ్యాక్టరీ సెట్టు ఒక బటన్ తప్పుగా నొక్కితే కాలిపోదు. మెనూలో ఏదో మారిపోయి అర్థం కాకపోతే రీసెట్ ఉంది, ఎలా చేయాలో మాన్యువల్లో ఉంటుంది, మహా అయితే దాచుకున్న మెమరీలు పోతాయి. యాంటెన్నా సరిగ్గా కుదరకపోతే సెట్టు తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. దాన్ని నిజంగా చంపేవి వేరే ఉన్నాయి: పవర్ సప్లై తీగల్లో ప్లస్, మైనస్ తారుమారు కావడం, వోల్టేజీ హద్దు దాటడం, యాంటెన్నా లేకుండా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) పట్టుకుని కూర్చోవడం, పిడుగు. జాగ్రత్తంతా వీటి దగ్గర పెట్టండి, ముందువైపు బటన్లని ధైర్యంగా తిప్పండి.

పవర్ సప్లైతో మొదలుపెట్టండి. ఈ సెట్లకి 13.8 వోల్టుల డీసీ కావాలి, పూర్తి పవర్‌తో ప్రసారం చేసేటప్పుడు 20 ఆంపియర్ల పైన లాగుతాయి, కాబట్టి 25 నుంచి 30 ఆంపియర్లు ఇవ్వగల సప్లై ఉండాలి. ల్యాబ్‌లో దొరికే చిన్న సప్లైతో వినడం వరకూ లాక్కొస్తుంది, మైకులో గట్టిగా మాట్లాడగానే సెట్టు ఆరిపోతుంది, అప్పుడు అందరూ సెట్టు పాడైందని తేల్చేస్తారు. సెట్టుతో వచ్చిన ఫ్యూజులున్న లావుపాటి తీగనే వాడండి, మధ్యలో సన్న తీగ అతికించి పొడిగించకండి.

ఇక యాంటెన్నా. మీ సీనియర్లు ఏం కట్టి వెళ్ళారో మీరు రాయలేదు. ఏమీ లేకపోతే 40 మీటర్ల బ్యాండుకి (7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) డైపోల్ కట్టుకోండి, రాగి తీగ మొత్తం 66 అడుగులు, మధ్యలో కోసి రెండు వైపులా 33 అడుగుల చొప్పున, నడుమ నుంచి 50 ఓముల కో-యాక్స్ కేబుల్ కిందికి. మొదట కొంచెం పొడుగ్గానే కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకి ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) చూసుకుంటూ రెండు వైపులా సమానంగా తగ్గించుకురండి. మూడంతస్తుల కాలేజీ భవనం మీద నుంచి 30 అడుగుల ఎత్తులో కట్టారనుకోండి, 40 మీటర్లకి అది దాదాపు పావు తరంగం ఎత్తు, అంటే మీ సిగ్నల్లో ఎక్కువ భాగం నిటారుగా పైకి వెళ్ళి అయనోస్ఫియర్‌కి (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరలు) తగిలి చుట్టూ ఉన్న నాలుగైదు వందల కిలోమీటర్లలో దిగుతుంది. తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఇది వరమే అనాలి. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడి వీహెచ్‌ఎఫ్ (హెచ్‌ఎఫ్ కన్నా పై ఫ్రీక్వెన్సీలు) సిగ్నల్‌ని అడ్డుకుంటాయి, హెచ్‌ఎఫ్‌కి ఆ బాధ లేదు, కొండ పైనుంచి దాటిపోయి కడప, హైదరాబాద్, బెంగళూరు అన్నీ అందుతాయి. ఇంకో లాభం, 40 మీటర్లకి కోసిన డైపోల్ 15 మీటర్ల బ్యాండులో, అంటే 21 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా బాగానే పనిచేస్తుంది. కరెంటు లైన్లకి దగ్గరగా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టొద్దు. తీగ తెగితే ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే చోటు ఎంచుకోండి.

సెట్టు లోపలి ట్యూనర్ గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది. అది యాంటెన్నాని బాగుచేయదు. సెట్టుకి 50 ఓముల లోడు ఉన్నట్టు కనిపించేలా చేస్తుంది, అంతే. చాలా సెట్లలో ఎస్‌డబ్ల్యూఆర్ 3 వరకే అది సర్దగలదు, కొన్ని సెట్లలో అసలు ట్యూనరే ఉండదు. తీగ కొలత సరిచేసుకోవడం మీ పని.

ఇవన్నీ అయ్యాక కూడా పీటీటీ నొక్కకండి. కొన్ని రోజులు వట్టిగా వినండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే హెచ్‌ఎఫ్ ఆపరేటింగ్ అనే విద్యలో ముప్పాతిక భాగం చెవిలోనే ఉంది. హెచ్‌ఎఫ్‌లో గొంతుని ఎస్‌ఎస్‌బీ పద్ధతిలో, అంటే సిగ్నల్లో ఒక పక్క సగాన్నే (సైడ్‌బ్యాండ్) పంపుతారు. 7 మెగాహెర్ట్జ్‌లో కింది పక్కది, ఎల్‌ఎస్‌బీ, 14, 21, 28లో పై పక్కది, యూఎస్‌బీ పెట్టుకోవాలి. తప్పు సైడ్‌బ్యాండ్ పెడితే గొంతు ఎంత తిప్పినా ముద్దగానే ఉంటుంది. పెద్ద నాబ్‌ని మెల్లగా తిప్పుతూ గొంతు సహజంగా వచ్చే చోట ఆపడం అందరూ ఒక్కొక్కరుగా నేర్చుకోండి. ఆర్‌ఎఫ్ గెయిన్ (వినే సున్నితత్వం), ఫిల్టర్ వెడల్పు, నాచ్ (మధ్యలో వచ్చే ఈలని కోసేది), నాయిస్ బ్లాంకర్ (టపటప శబ్దాల్ని అణిచేది) ఒక్కోదాన్ని మార్చి ఏం తేడా వచ్చిందో వినండి, నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రసారానికి వస్తే, మొదటిసారి డమ్మీ లోడ్ మీదే చేయండి. 50 ఓముల రెసిస్టర్ డబ్బా, సిగ్నల్ గాల్లోకి పోకుండా వేడిగా మారిపోతుంది. ఎస్‌ఎస్‌బీలో పీటీటీ నొక్కి ఊరుకుంటే పవర్ మీటరు సున్నా చూపిస్తుంది, అది లోపం కాదు, మాట్లాడితేనే పవర్ వెళ్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ కొలవాలంటే సీడబ్ల్యూ (మోర్స్ సంకేతాల మోడ్) లేదా ఏఎం మోడ్‌లో, 10 వాట్లకి తగ్గించి కొలవండి. మైక్ గెయిన్ ఎంత పెట్టాలో ఏఎల్‌సీ మీటరు చెబుతుంది, మామూలుగా మాట్లాడినప్పుడు దాని సూచిక గీసిన హద్దు లోపలే ఊగాలి. గట్టిగా వినపడాలని గెయిన్ పూర్తిగా తిప్పేసి, కంప్రెషన్ (చిన్న మాటల్నీ పెద్దవి చేసే సదుపాయం) కూడా పెంచేస్తే, గొంతు చీలిపోయి పక్క ఫ్రీక్వెన్సీల మీదికి కూడా చిమ్ముతుంది. హ్యాములు ఒకే ఫ్రీక్వెన్సీలో కూడి మాట్లాడుకునే నెట్‌లో పదిమందికి అడ్డం. ఆ పని చేయొద్దు.

రెండు హద్దులు మీరే గుర్తుపెట్టుకోవాలి, సెట్టు గుర్తుచేయదు. మన దేశంలో 40 మీటర్ల హ్యామ్ బ్యాండు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికా మోడల్ సెట్టయితే 7.300 దాకా ప్రసారం చేస్తుంది, చేస్తుంది కదా అని వెళ్ళకూడదు. అలాగే సెట్టు వంద వాట్లు ఇస్తుందంటే మీకు వంద వాట్ల అనుమతి ఉన్నట్టు కాదు, మీ లైసెన్స్ గ్రేడులో ఎంత రాసి ఉందో చూసి, పవర్ అంతకే తగ్గించుకోండి. లైసెన్స్ లేనివాళ్ళు మీ పక్కన కూర్చుని వినొచ్చు, లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసే పట్టిక) రాయొచ్చు, మీట మాత్రం మీ ఇద్దరి చేతుల్లోనే ఉండాలి.

పిలిచే ముందు ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) చెప్పి రెండుసార్లు అడగండి. నిశ్శబ్దంగా ఉంది కదా అని దిగిపోవద్దు. హెచ్‌ఎఫ్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి గొంతు మీ తల మీదుగా దూకి వెళ్ళిపోవచ్చు, మీకు నిశ్శబ్దం వినపడుతున్న ఆ నిమిషంలోనే ఆయన మాట్లాడుతూ ఉండొచ్చు. జవాబు లేకపోతే అప్పుడు సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలవండి, తొందర లేకుండా, కాల్‌సైన్ ప్రతి అక్షరాన్నీ ఆల్ఫా, బ్రావో పద్ధతిలో విడమరచి. లాగ్‌లో సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం) రాయాలి, మన టైం నుంచి అయిదున్నర గంటలు తీసేయండి. తెల్లవారుజామున 4 గంటలకి మాట్లాడితే యూటీసీలో అది ముందురోజు రాత్రి 10:30, తేదీ కూడా వెనక్కి వెళ్తుంది, మాట్లాడామని ధ్రువీకరిస్తూ పంపే క్యూఎస్ఎల్ కార్డుల్లో ఎక్కువ తప్పులు వచ్చేది ఇక్కడే.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. వాళ్ళ మామయ్య క్లబ్బులో సెట్టు చూసినప్పటి నుంచి అదే ధ్యాస. ఈ వయసులో లైసెన్స్ ఇస్తారా?
— ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: ఇస్తారమ్మా, పన్నెండేళ్ళు నిండితే చాలు. కేంద్ర ప్రభుత్వంలో డబ్ల్యూపీసీ అనే విభాగం పరీక్ష పెడుతుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో చేయాలి. రెండు గ్రేడులున్నాయి, బాబు తేలికైన రిస్ట్రిక్టెడ్‌తో మొదలుపెట్టవచ్చు, మామూలు ఎలక్ట్రానిక్స్, రేడియో నియమాలు చదివితే సరిపోతుంది. మంచి ధ్యాసే పట్టింది, ఆపకండి. లైసెన్స్ చేతికి వచ్చేదాకా ఇంట్లోకి ట్రాన్సీవర్ మాత్రం కొనకండి, ప్రసారం చేసే సెట్టు దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి.

ప్రశ్న: మా క్లబ్బు గది బజారు వీధిలో ఉంది. 40 మీటర్లు పెడితే ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపేది) ఏడు దగ్గర నిలబడి గర్రుమంటూనే ఉంటుంది. ఇంత ఖరీదైన సెట్టు పెట్టుకుని ఒక్క స్టేషనూ సరిగ్గా వినలేకపోతున్నాం. ఇంకా మంచి సెట్టు కొనాలా?
— క్లబ్బు కార్యదర్శి, చిత్తూరు

జవాబు: కొనొద్దు. ఆ డబ్బు మిగుల్చుకోండి. ముందు యాంటెన్నా కేబుల్ పీకి చూడండి, ఆ గర్రు ఆగిపోతే అది బయటి నుంచి వస్తున్నట్టే, ఎన్ని లక్షల సెట్టు పెట్టినా అంతే వినిపిస్తుంది. తర్వాత సెట్టుని బ్యాటరీ మీద నడుపుతూ గది మెయిన్ స్విచ్ ఆపేయండి. గర్రు తగ్గిందా, దొంగ మీ గదిలోనే ఉన్నాడు. ఒక్కో వస్తువూ వేస్తూ పోండి, ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్, ఇంటర్నెట్ డబ్బా, సోలార్ ఇన్వర్టర్. చాలాసార్లు హ్యామ్ సెట్టుకి వాడుతున్న చవక ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం) సప్లైయే అసలు దోషి అని తేలుతుంది. మెయిన్ ఆపినా తగ్గకపోతే వీధిలో వెతకాలి. పాత ట్రాన్సిస్టర్ రేడియో మీడియం వేవ్‌లో పెట్టి పట్టుకుని నడవండి, గోల ఎక్కడ పెరుగుతోందో అదే దారి చూపిస్తుంది. కనుక్కున్నాక ఆ షాపు ఆయనతో మర్యాదగా మాట్లాడండి, బల్బు మీరే కొనిచ్చి మార్పించినా నష్టం లేదు.

ఈలోగా సెట్టు మీద చేయగలిగింది ఒకటుంది. ప్రీయాంప్ (వచ్చే సిగ్నల్‌ని ముందే పెంచేది) ఆపేయండి. 40 మీటర్లలో ఆకాశం నుంచి వచ్చే గోలే సెట్టు లోపలి గోల కన్నా చాలా ఎక్కువ, కాబట్టి అక్కడ ప్రీయాంప్ వేస్తే స్టేషనూ గోలా కలిసి పెరుగుతాయి తప్ప ఏమీ లాభం లేదు. అటెన్యుయేటర్ (వచ్చే సిగ్నల్‌ని తగ్గించేది) వేసి, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించి, వాల్యూమ్ పెంచుకుని వినండి, మాటల మధ్య గర్రు దిగిపోయి చెవికి హాయిగా ఉంటుంది. యాంటెన్నాని గది నుంచి వీలైనంత దూరంగా జరపండి, కేబుల్ మీద ఫెర్రైట్ కోర్లు (గోలని అడ్డుకునే వలయాలు) వేయండి.

ప్రశ్న: ఉదయం ఎనిమిదికి 40 మీటర్లలో హైదరాబాద్, విజయవాడ వాళ్ళు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తారు. తెల్లవారుజామున చూస్తే వాళ్ళెవరూ ఉండరు, ఎక్కడో విదేశాల వాళ్ళు వస్తుంటారు. కొన్నిసార్లు సాయంత్రం చీకటి పడ్డాక గొంతులు వణికినట్టు వస్తాయి. సెట్టులో ఏమన్నా లోపమా?
— పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ సెట్టు బంగారం లాంటిది, మీరు వింటున్నది ఆకాశంలో జరుగుతున్న మార్పు. చాలా మంచి ప్రశ్న, అందులోనూ మన ప్రాంతం నుంచి రావడం ఇంకా మంచిది, కారణం చివర్లో చెబుతాను.

దాదాపు 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనోస్ఫియర్‌లోని ఎఫ్ పొర సూర్యకాంతితో బలపడుతుంది. నిటారుగా పంపిన సిగ్నల్‌ని వెనక్కి తిప్పాలంటే ఆ పొరకి కొంత బలం ఉండాలి, ఏ ఫ్రీక్వెన్సీ వరకూ తిప్పగలదో దాన్ని క్రిటికల్ ఫ్రీక్వెన్సీ అంటారు. పగలు అది 7 మెగాహెర్ట్జ్‌కి పైనే ఉంటుంది కాబట్టి మీ సిగ్నల్ పైకి వెళ్ళి హైదరాబాద్‌లో దిగుతుంది. రాత్రంతా సూర్యుడు లేక పొర పలచబడుతూ వస్తుంది, తెల్లవారే ముందు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. అప్పుడు నిటారుగా వెళ్ళింది పొరని చీల్చుకుని వెళ్ళిపోతుంది, ఏటవాలుగా తగిలింది మాత్రమే వెనక్కి వస్తుంది, అది వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అదే సమయంలో, పగలు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండి సిగ్నల్‌ని మింగేసే డీ పొర కూడా రాత్రి ఉండదు. అందుకే దగ్గరివాళ్ళు మాయం, దూరంవాళ్ళు హాజరు. ఆ వేళ హైదరాబాద్ కావాలంటే 80 మీటర్ల బ్యాండుకి (3.5 మెగాహెర్ట్జ్ దగ్గర) దిగండి.

ఇక సాయంత్రపు వణుకు. భూమి అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాది చివర నుంచి వెళ్తుంది, 1963లో రాకెట్ ప్రయోగాలకి కేరళలోని తుంబాని ఎంచుకున్నది కూడా అందుకే. దానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో సూర్యాస్తమయం తర్వాత ఎఫ్ పొర గబగబా పైకి లేస్తుంది, లేచాక దాని అడుగు నుంచి పలుచని బుడగల్లాంటివి పైకి పొంగి పొర నున్నగా ఉండక చిందరవందరవుతుంది. దీన్ని స్ప్రెడ్-ఎఫ్ అంటారు. సిగ్నల్ ఒక దారిలో కాకుండా అనేక దారుల్లో ముక్కలై వచ్చి కలుస్తుంది కాబట్టి గొంతు వణుకుతుంది. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇది ఎక్కువ. చెప్తానన్న కారణం ఇదే: మీరు తిరుపతికి వెళ్ళే దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, పై వాతావరణాన్ని కొలిచే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో శాస్త్రవేత్తలు ఈ బుడగల్ని 1990ల నుంచి గమనిస్తూ ఉన్నారు. 1024 యాగీ యాంటెన్నాలు ఒకే మైదానంలో వరుసలుగా నిలబెట్టిన రాడార్ అది. ఆ మైదానంలో వాళ్ళు కొలిచేదాన్నే మీరు సాయంత్రం మీ స్పీకర్లో వింటున్నారు.

ఏ బ్యాండు ఎటువైపు తెరుచుకుందో ఊహించుకోనక్కర్లేదు. 14.100 మెగాహెర్ట్జ్‌లో సీడబ్ల్యూ మోడ్ పెట్టి వినండి, ప్రపంచమంతటా ఉన్న 18 బీకన్ స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి పది సెకన్ల చొప్పున, మూడు నిమిషాలకి ఒక చుట్టు కాల్‌సైన్ పంపుతాయి. శ్రీలంకది కూడా అందులో ఉంది. ప్రతి బీకనూ కాల్‌సైన్ తర్వాత నాలుగు గీతలు పంపుతుంది, మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, చివరిది వాటులో పదో వంతు. చివరి గీత దాకా వినిపిస్తే ఆ దిక్కుకి చిన్న పవర్ చాలన్నమాట.

ప్రశ్న: మా క్లబ్బులో పెద్దాయన ఒకరు కొన్న సెట్టుతో మాట్లాడేది హ్యామే కాదంటారు, సొంతంగా చేసుకున్న సెట్టు అయితేనే అంటారు. నిజమేనా?
— పుత్తూరు

జవాబు: ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఒకప్పుడు మన దేశంలో విదేశీ సెట్టు కొనడం అందరి వల్లా అయ్యేది కాదు, చేసుకోవాల్సిందే. హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సర్క్యూట్ ఆ అవసరంలోంచే పుట్టింది, మామూలు ట్రాన్సిస్టర్లతో, కొళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకునేలా వేసిన డిజైన్ అది, ఇప్పుడు ప్రపంచమంతా చేసుకుంటున్నారు. చేతనైతే తప్పకుండా చేయండి, సెట్టు లోపల ఏం జరుగుతుందో దానివల్ల తెలిసినంతగా మరి దేనివల్లా తెలియదు. కానీ క్లబ్బుకి కంపెనీ సెట్టు ఉండాలనే నేనంటాను. ఫ్రీక్వెన్సీ కదలదు, పవర్ ఖాయంగా ఉంటుంది, కొత్తవాళ్ళు ఆపరేటింగ్ మీదే మనసు పెట్టగలరు, పైగా మీరు చేసిన చిన్న సెట్టు సరైన ఫ్రీక్వెన్సీలో ఉందో లేదో దానితోనే పరీక్షించుకోవచ్చు. ఆ పెద్దాయనని ఆదివారం సోల్డరింగ్ నేర్పమని అడగండి, తప్పకుండా నేర్పుతారు.

ప్రశ్న: సార్, నాకు లైసెన్స్ ఉంది. అయినా క్లబ్బుకి వెళ్తే లాగ్ రాయమంటారు, మైకు మాత్రం ఎప్పుడూ అబ్బాయిల దగ్గరే. అడిగితే కాంటెస్ట్ (ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీ) అయ్యాక చూద్దాం అంటారు. ఏం చేయాలి?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇది నన్ను బాధపెట్టిన ఉత్తరం. లైసెన్స్ ఉన్న ఆపరేటర్‌కి మైకు ఇవ్వకపోవడం తప్పు, అది మీ క్లబ్బు పెద్దలకి సూటిగా చెప్పండి, కావాలంటే ఈ పేజీ చూపించండి. 2004 డిసెంబర్‌లో అండమాన్‌లో హ్యామ్ స్టేషన్ నడపడానికి వెళ్ళిన బృందానికి నాయకురాలు భారతి ప్రసాద్. 26వ తేదీ సునామీ వచ్చినప్పుడు ఆమె పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు, ఆ స్టేషన్నే సహాయ సమాచారానికి తిప్పేశారు, అక్కడి నుంచి ఎవరు క్షేమమో బయటివాళ్ళకి తెలిసింది ఆమె సెట్టు ద్వారా కూడా. ఆ రోజు మైకు ఎవరి చేతిలో ఉందో మీ వాళ్ళకి చెప్పండి.

పద్ధతి ఒకటి పెట్టించండి. ఆపరేటర్‌కి అరగంట, పక్కన లాగ్ రాసేవాళ్ళు ఒకరు, అరగంట కాగానే లాగ్ రాసినవాళ్ళు మైకు ముందుకి, కొత్తవాళ్ళు లాగ్‌కి. లైసెన్స్ ఉన్న పేర్లన్నీ కాగితం మీద రాసి సెట్టు పక్కన అతికించండి, కాంటెస్ట్ రోజైనా అదే వరుస. లాగ్ రాయడం కూడా మంచి శిక్షణే, మాటల మధ్య కాల్‌సైన్ పట్టుకునే చెవి దానితోనే వస్తుంది, కానీ అది వంతుల్లో ఒకటిగా ఉండాలి. వచ్చే నెల ఎన్ని క్యూఎస్‌ఓలు (రేడియో సంభాషణలు) చేశారో నాకు రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: వానాకాలంలో సెట్టు ఆఫ్ చేస్తే చాలా, కేబుల్ కూడా తీయాలా?
— చంద్రగిరి

జవాబు: తీయాలి. ఆఫ్ చేసినా యాంటెన్నా తీగ సెట్టుకి తగిలే ఉంటుంది, దగ్గరలో పిడుగు పడితే ఆ దారిలోనే లోపలికి వస్తుంది. మనకి మే నెల గాలివానల్లోనూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల్లోనూ ఉరుములు ఎక్కువ, ఆ నెలల్లో క్లబ్బు గది తాళం వేసేముందు కేబుల్ విప్పి కిటికీ బయట వదలడం, పవర్ సప్లై ప్లగ్గు గోడ నుంచి పీకడం అలవాటుగా పెట్టుకోండి. ఉరుము వినిపించాక విప్పడానికి వెళ్ళొద్దు, అప్పుడు ఆ కనెక్టర్ ముట్టుకోవడమే ప్రమాదం. వానలకి ముందే డైపోల్ నడుమ ఉన్న అతుకుని నీళ్ళు దిగకుండా సాగే రబ్బరు టేపుతో చుట్టేయండి, కేబుల్‌లోకి ఒకసారి నీరు పట్టిందంటే ఆరబెట్టి లాభం లేదు, మార్చాల్సిందే.